గ్రంథాలయ చిట్టాయు, చదువరి గోప్యతయు

తెలుగునాట గ్రంథాలయోద్యమము పుస్తకములను పంచుటతో ఆగినది కాదు. అది ప్రజలను మేలుకొలిపిన యుద్యమము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినవి. అయ్యంకి వెంకటరమణయ్యగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మున్నగు పెద్దలు పుస్తకమును బీరువాలోనుండి తీసి ప్రజల చేతిలో పెట్టిరి. ఆ దీపమునుండి వెలిగించుకొన్న చిన్నదీపములే రాష్ట్రేతరాంధ్రుల సంఘములలోని గ్రంథాలయములు. వానిలో కొన్నింటికి రెండు బీరువాలు, ఒక బల్ల, ఒక చిట్టా తప్ప వేరు ఆస్తి లేదు.

ఆ రెండు బీరువాలను గూర్చి మనము తరచుగా మాటలాడుదుము. పుస్తకములు చాలవనియు, క్రొత్తవి రావలెననియు మహాసభలలో తీర్మానములు చేయుదుము. బల్లమీది చిట్టాను గూర్చి మాత్ర మెవ్వరును మాటలాడినట్లు నేను వినలేదు. ఎవరు, ఏనాడు, ఏ పుస్తకము తీసికొనిపోయిరో అందు వ్రాసియుండును. దానిని ఎవరు చూడవచ్చును? ఎంతకాలము దాచవలెను? దాచినందువలన ఎవరికి మేలు, ఎవరికి కీడు? ఈ వ్యాసమున నేను విమర్శింపబూనినది పెద్దల సేవను గాదు. ఆ సేవలో పూరింపబడక మిగిలిన యీ ఖాళీని.

గోప్యత యనగా నేమి?

రహస్యమునకును గోప్యతకును భేదము కలదు. రహస్యమనగా బయటపడినచో చిక్కు తెచ్చునది. గోప్యత యట్టిది కాదు. ఉత్తరమును కవరులోపెట్టి అంటించువాడు తప్పు చేయుచున్నాడని ఎవ్వరు ననరు. రోగి చెప్పిన మాటను వైద్యుడును, కక్షిదారు చెప్పిన మాటను వకీలును వీధిలో చెప్పరాదని మన మందరము ఒప్పుకొందుము. ఆ మాటలలో నేరమున్నదని కాదు. ఆ మాటలు చెప్పినవానివి, విన్నవానివి కావు.

గ్రంథాలయమునకు వచ్చువాడును ఒక మాట చెప్పుచున్నాడు. నోటితో చెప్పడు, పుస్తకము నెన్నుకొని చెప్పును. మధుమేహముపై పుస్తకము తీసికొన్నవాని యింట ఆ జబ్బు ఉండవచ్చును. వివాహచట్టములపై పుస్తకము తీసికొన్న యువతి మనస్సులో ఒక నిర్ణయము మెదలుచుండవచ్చును. మనిషి మనస్సులోని ప్రశ్న, అతని భార్యకైనను చెప్పనిది, చిట్టాలో పుస్తకము పేరై కనబడును.

ఇంతకంటె గొప్ప చిక్కు మరియొకటి కలదు. చిట్టా నిజమును బయటపెట్టుటయే కాక అబద్ధమును గూడ పుట్టించును. రంగనాయకమ్మగారి రామాయణ విషవృక్షమును తీసికొన్నవాడు ఆ వాదమును అంగీకరించినవాడు కానక్కరలేదు. దానిని ఖండింపదలచి చదువుచున్న పండితుడు కావచ్చును, పరీక్షకు కూర్చున్న విద్యార్థి కావచ్చును, పొరుగింటివారి కొరకు తెచ్చిపెట్టిన సాధువు కావచ్చును. చిట్టా ఇవేవియు చెప్పదు. పేరును, పుస్తకమును ప్రక్కప్రక్కన నిలిపి ఊరకుండును. తక్కిన కథను చూచినవాడు అల్లుకొనును.

ఈ ప్రమాదము మన తాతలకాలమున ఎంత దగ్గరగా నుండెనో తలచి చూడవలెను. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లిని మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. నిషేధమునకు ముందు ఏ పల్లెలోనో యొక గ్రంథాలయము ఆ నవలను ఎరువిచ్చియుండెననుకొందము. నిషేధము వచ్చిన మరునాడు అక్కడి చిట్టా యేమగును? నిన్నటివరకు అది సత్పాఠకుల పట్టిక. నేడు పోలీసులకు కావలసిన పట్టిక. చిట్టాలో ఒక్క అక్షరమును మారలేదు. మారినది దానిని చూచు కన్ను. వ్రాసిన నాటి దయ చదివిన నాటికి నిలుచునన్న హామీ ఎవ్వరు నియ్యజాలరు. కావున చిట్టాను గూర్చిన విచారణ నేటి గ్రంథాలయాధికారి మంచివాడా, కాదా యన్న ప్రశ్నపై నిలువరాదు.

చిట్టాల తీరుతెన్నులు

పుస్తకము లెరువిచ్చు పద్ధతులు మన గ్రంథాలయములలో ముఖ్యముగా నాలుగు.

మొదటిది చిట్టాపద్ధతి. గళ్లు గీసిన పెద్ద పుస్తకమున తేదీ, పేరు, గ్రంథము, సంతకము వరుసగా వ్రాయుదురు. పుస్తకము తిరిగి వచ్చినపుడు ప్రక్కన కొట్టివేయుదురు. చిన్న సంఘములకు ఇది చవుక, సులభము. కాని దోషములలో నిదియే మొదటిది. సంతకము పెట్టబోవు ప్రతివాడును తనకు పైనున్న పది పంక్తులను చదువును. కొట్టివేసినను గీతక్రింద పేరు కనబడుచునే యుండును. పదియేండ్ల చిట్టాలు అటకమీద చేరి, పదియేండ్ల ఊరి మనస్సును మూటగట్టి యుంచును.

రెండవది అమెరికాలోని న్యూఆర్కు నగరము పేరిట ప్రసిద్ధమైనది. ఇందు పుస్తకము లోపలి కార్డుమీద తీసికొన్నవాని సభ్యత్వసంఖ్యయు తేదీయు వ్రాయుదురు. పేరు లేదు గదా యని సంతోషింపవచ్చును. కాని సభ్యుల పట్టిక అదే బల్ల సొరుగున నుండును. రెంటిని జతపరచుటకు ఒక్క నిమిషము చాలును. పుస్తకము తిరిగి వచ్చిన పిదపను ఆ కార్డుమీది సంఖ్యలు చెరగవు.

మూడవది నీనా బ్రౌన్ అను అమెరికా గ్రంథాలయోద్యోగిని పేరిట నడచు చీటీల పద్ధతి. మన దేశమున కళాశాలలలోను, పెద్ద పౌరగ్రంథాలయములలోను చదివినవారు దీని నెరుగుదురు. చదువరికి సంచివంటి చిన్న చీటీలు కొన్ని యిత్తురు. వానిపై నతని పేరుండును. పుస్తకమునకొక కార్డుండును. పుస్తకమిచ్చునపుడు ఆ కార్డును చదువరి చీటీలో దూర్చి, తేదీ వరుసను పెట్టెలో నిలుపుదురు. పుస్తకము తిరిగి వచ్చినపుడు కార్డు పుస్తకములోనికి పోవును, చీటీ చదువరి చేతికి పోవును. అంతటితో సరి. ఎవరు ఏమి చదివిరో చెప్పు గుర్తు పెట్టెలో మిగులదు.

కాలము కలిసివచ్చుటయే ఈ పద్ధతిని కనిపెట్టుటకు హేతువు గావచ్చును. కాని దాని ఫలము గమనింపదగినది. పుస్తకము బయట ఉన్నంతవరకు గ్రంథాలయమునకు కావలసిన సమాచారమంతయు దానియొద్ద నున్నది. పుస్తకము తిరిగి వచ్చిన క్షణమున అక్కరతోపాటు సమాచారమును తొలగిపోయినది. గోప్యతను గూర్చి ఒక్క నియమమును వ్రాయకయే అట్టముక్కయు సంచియు దానిని కాపాడినవి.

నాలుగవది నేటి గణకయంత్ర పద్ధతి. ఇందు పుస్తకము తిరిగి వచ్చినను దాని కథ తుడిచివేయనిదే పోదు. వ్రాయుటకు శ్రమలేదు, దాచుటకు చోటు పట్టదు. వెదకుటకు ఒక పేరు కొట్టిన చాలును. అటకమీది చిట్టాలో ఒకని చదువును వెదకువానికి నాలుగు దినములు పట్టెను. యంత్రమున నాలుగు నిమిషములైన పట్టవు. పాతచిట్టాకు దాని బరువే కొంత కాపలా. యంత్రమున కా కాపలా లేదు.

అట్లని యంత్రమును నిందించుట న్యాయము కాదు. న్యూజీలాండున పుట్టి 2000 సంవత్సరమున వాడుకలోనికి వచ్చిన కోహా యను గ్రంథాలయ కార్యక్రమమును మన దేశమున అనేక సంస్థలు వాడుచున్నవి. తన పఠనచరిత్రను ఎల్లకాలము ఉంచవలెనో, కొంతకాలమే ఉంచవలెనో, అసలే ఉంచరాదో చదువరియే తేల్చుకొను వెసులుబాటు దానిలో కలదు. కాని ఆ తలుపు దానంతటది తెరచుకొనదు, నిర్వాహకుడు అమర్చవలెను. అమర్చవలెనని అతనికి తోచవలెను. తోచుటకు ముందు ఎవరైన అడుగవలెను. మన సంఘములు చిట్టాలను మూసి యంత్రములను తెచ్చుకొను ఈ కాలమున ఆ ప్రశ్న అడుగువారే కరువు.

పంచసూత్రములు చెప్పినది, చెప్పవలసినది

భారతదేశమున గ్రంథాలయ శాస్త్రమునకు మూలపురుషుడు శియాళి రామామృత రంగనాథన్‌గారు. మద్రాసు విశ్వవిద్యాలయమున 1924లో గ్రంథాలయాధికారియై, 1931లో పంచసూత్రములను ప్రకటించి, 1948నాటి మద్రాసు గ్రంథాలయ చట్టమునకు ఊపిరి పోసి, కడపటి దశను బెంగుళూరున గడపిన మహనీయుడాయన. తమిళనాటను కన్నడనాటను ఉన్న తెలుగువారు ఆయన నాటిన చెట్టుక్రిందనే చదువుకొనుచున్నారు.

గ్రంథములు ఉపయోగించుటకే, ప్రతి చదువరికి తన గ్రంథము, ప్రతి గ్రంథమునకు తన చదువరి, చదువరి కాలమును మిగుల్పుము, గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణి - ఇవి యాయన సూత్రముల సారము. ఇందు గోప్యత యను మాట లేదు. ఆ లోపమును పట్టుకొని సూత్రకారుని తప్పుపట్టుట సులభమే. నా యభిప్రాయ మది కాదు. రెండవ సూత్రమును లోతుగా విచారించినచో ఈ ధర్మము దానియందే యిమిడియున్నది. ప్రతి చదువరికి తన గ్రంథ మందవలెనన్నచో, ఆ గ్రంథమును అడుగుటకు అతడు జంకరాదు. జంకు ఎచ్చటనుండి వచ్చును? చూచు కన్నులనుండి. బీరువా తలుపు తెరచి, బల్లమీద చిట్టాను తెరచి పెట్టినచో, ఒక చేత ఇచ్చి మరియొక చేత లాగికొనుటయే యగును. కావలసిన పుస్తకమును వదలి పదిమంది మెచ్చు పుస్తకమును చేతబట్టుకొని పోవువాడు లెక్కలో చదువరియే. కాని అతనికి అతని గ్రంథము దక్కలేదు.

చట్టముల విషయమునను ఇదే తీరు. మద్రాసు చట్టము 1948లో, ఆంధ్రప్రదేశ చట్టము 1960లో, కర్ణాటక చట్టము 1965లో, మహారాష్ట్ర చట్టము 1967లో, ఒడిశా చట్టము 2001లో వచ్చినవి. పాలకమండలి, నిధులు, సిబ్బంది, గ్రంథాలయముల స్థాపన - వీని చుట్టును ఈ శాసనముల దృష్టి తిరిగినది. చదువరికి పుస్తకమెట్లు చేరవలెనన్నది వాని ప్రశ్న. చేరిన పిదప చదువరికి కలుగవలసిన రక్షణ మరియొక తరము ప్రశ్న. ఆ తరము మనది.

న్యాయస్థానముల మాట

మన తెలుగువారు గర్వింపదగిన విషయ మొకటి ఇచ్చట చెప్పవలెను. 1962లో ఖరక్‌సింగు అను నతని వ్యాజ్యమున, పోలీసుల నిఘా రాజ్యాంగ సమ్మతమేనాయని సుప్రీంకోర్టు విచారించెను. రాత్రివేళ ఇండ్లలో జొరబడి చూచుట చెల్లదని అధికసంఖ్యాక న్యాయమూర్తులు చెప్పిరి గాని, గోప్యత యను హక్కు మన రాజ్యాంగమున లేదనిరి. రాజమహేంద్రవరపు బిడ్డ, న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు వారితో ఏకీభవింపలేదు. గోప్యత వ్యక్తిస్వాతంత్ర్యమున విడదీయరాని భాగమని భిన్నతీర్పు వ్రాసిరి. న్యాయమూర్తి షాగారు ఆయనతో నిలిచిరి. ఎల్లప్పుడును ఎవరో చూచుచున్నారన్న తలపు మనిషిని లోపలినుండి బంధించునని ఆయన గ్రహించిరి.

ఆ మాట నెగ్గుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టెను. కర్ణాటక ఉన్నతన్యాయస్థాన విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యమున 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కేయని ప్రకటించిరి.

ఈ రెంటికిని నడుమ మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా నున్న తీర్పు మరియొకటి కలదు. స్టాంపుల చట్టమున 73వ విభాగమును ఆంధ్రప్రదేశము 1986లో సవరించి, కలెక్టరు నియమించినవారు బ్యాంకులవంటి చోట్లకు పోయి అచ్చటి పత్రములను తనిఖీచేయుటకును, స్వాధీనపరచుకొనుటకును విశేషాధికార మిచ్చెను. కెనరా బ్యాంకు మున్నగు సంస్థలు దానిని ప్రశ్నించినవి. 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదని తేల్చెను. ఖాతాదారు తన పత్రమును నమ్మి బ్యాంకున కిచ్చినంతమాత్రమున దానిపై అతని గోప్యత నశింపదని ఆ తీర్పు సారాంశము. గోప్యత మనుష్యులకు సంబంధించినది గాని గోడలకు సంబంధించినది కాదు.

ఈ సూత్రమును గ్రంథాలయమునకు అన్వయించి చూడుడు. నా పేరు, నేను తీసికొన్న పుస్తకము పేరు సంఘము బల్లమీది చిట్టాలో నున్నవి. చిట్టా సంఘముది, కాగితమును సిరాయును సంఘము కొన్నవే. కాని అందలి నా చదువు నాది. సంఘము దానికి ధర్మకర్తయే గాని యజమాని కాదు. గ్రంథాలయ చిట్టాలపైననే యిచ్చిన తీర్పు కాదిది. అయినను దాని తర్కము మనకు దారి చూపుచున్నది. వ్యక్తుల సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో ఒక చట్టమును చేసినది. ఒక పనికై సేకరించిన సమాచారమును ఆ పనికే వాడవలెననియు, అక్కర తీరినపిదప తొలగింపవలెననియు దాని మూలభావము. మన పాత చీటీపెట్టె ఈ భావమును ఏనాడో ఆచరణలో పెట్టినది.

పరదేశములలో ఈ విచారము ముందే జరిగినది. అమెరికా గ్రంథాలయ సంఘము 1939నాటి నీతినియమావళిలోనే చదువరుల విషయములు గోప్యముగా ఉంచవలెనని చెప్పినది. జపాను గ్రంథాలయ సంఘము తన 1954నాటి ప్రకటనను 1979లో సవరించి, చదువరి గోప్యతను గ్రంథాలయ ధర్మములలో చేర్చినది. 2001లో అమెరికా ప్రభుత్వము గ్రంథాలయ చిట్టాలను సైతము కోరదగిన అధికారమును శాసనముచే పొందినపుడు, కొన్ని గ్రంథాలయము లొక ఉపాయమును అనుసరించినవి. అవి ఉత్తరువును ధిక్కరింపలేదు; అక్కర తీరిన కాగితములను ఏనాటి కానాడు చింపివేసినవి. లేనిదానిని ఎవ్వరు నడుగజాలరు. ఆ శాసనపు విభాగము 2020లో గడువు తీరి రద్దయినది. చింపివేయు అలవాటు మాత్రము మంచిదని తేలినది.

మన సంఘములలో

ఇది పెద్ద నగరముల చింత, మన చిన్న సంఘముల కెందుకని కొందరనవచ్చును. నా యనుభవము దీనికి విరుద్ధముగా నున్నది. మహానగరమున చిట్టా చూచినవానికి ఆ పేరు ఎవరిదో తెలియదు. మన వాడలలో చిట్టా చూచినవానికి పేరు, ఇంటిపేరు, వియ్యంకుల పేరును తెలియును. సోలాపురపు నేతపేటలోనైనను, బరంపురపు తెలుగు వీధిలోనైనను, హోసూరు ప్రాంతపు పల్లెలోనైనను, యానాములోనైనను ఒకరి మాట మరియొకరికి చేరుటకు సాయంత్రము పట్టదు. ఇంతమందిలో తెలుగువారు కొందరే. ఆ కొందరిలో చదువువారు మరికొందరే. సంఖ్య తగ్గినకొలది గోప్యత పలుచనగును.

నేను తమిళనాట ఒక తెలుగు బడిలో ఉపాధ్యాయుడను. గ్రంథాలయపు బీరువా తాళమును నాయొద్దనే యుండును. కొన్నియేండ్ల క్రిందట పిల్లలను ప్రోత్సహింపదలచి, ‘ఈ నెల చదువరులు’ అను పట్టికను తరగతిగది గోడకు అంటించితిని. పిల్లల పేర్లకు ఎదురుగా వారు చదివిన పుస్తకముల పేర్లు. తలిదండ్రులు చూచి మెచ్చుకొనిరి, నేనును మురిసితిని.

ఆ పట్టికలో ఒక బాలిక పేరున క్షయవ్యాధిపై చిన్న పుస్తకము కనబడెను. ఆమె దానిని మూడుమారులు గడువు పొడిగించుకొన్నది. అంతటి శ్రద్ధ గలదని నేనే ఆ పేరును ఎఱ్ఱసిరాతో వ్రాసితిని. ఆమె తల్లి అప్పటికి మందులు వాడుచుండెనని నాకు తెలియదు. వారము తిరుగకముందే బల్లపై ఆమె ప్రక్కన కూర్చుండు పిల్లలిద్దరు వేరుచోటికి జరిగిరి. వారి యింటికి మజ్జిగకు వచ్చు పొరుగువారు రాక మానిరి. ఒకనాటి సాయంత్రము ఆ బాలిక పుస్తకమును నా బల్లపై పెట్టి, “సార్, నా పేరు కొట్టేయండి సార్” అని మాత్రము చెప్పి వెళ్లిపోయెను. పేరు కొట్టివేసితిని, పట్టికను చించితిని. కాని గోడ చదివినవారి మనస్సులను చింపుట నాకు సాధ్యము కాలేదు. ఆ సంవత్సరమంతయు ఆమె మరల బీరువా దరికి రాలేదు.

ఇందు దుర్మార్గు డెవ్వడును లేడు. పోలీసులు లేరు, నిషేధము లేదు, నిఘా లేదు. మంచి ఉద్దేశముగల ఉపాధ్యాయుడు, ఒక గోడ, కొంత ఎఱ్ఱసిరా. ఆ బిడ్డకు అత్యవసరమైన పుస్తకమును ఆమెకు దూరముచేయుటకు ఇవి చాలినవి. ఈ వ్యాసమునకు మూలకారణము ఆ సాయంత్రమే.

కొన్ని ఆక్షేపణలు

ఈ వాదమునకు వచ్చు ఆక్షేపణలను దాటవేయుట విమర్శ కాదు గనుక, వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటి ఆక్షేపణ మనకు అన్నింటికంటె బరువైనది. రాష్ట్రేతరులమైన మనకు లెక్కలు ప్రాణము. “తెలుగు పుస్తకములను ఎవరు చదువుచున్నారు? కొనుటెందుకు?” అని పౌరగ్రంథాలయమువా రడిగినపుడు, చిట్టా చూపియే గదా బదులు చెప్పుచున్నాము! సహాయధనము కోరువారికిని లెక్క తప్పదు. చిట్టాను చింపినచో మన ఉనికికి ఋజువు పోదా? ఈ భయము నిజమైనది. కాని ఋజువునకు కావలసినది సంఖ్య, పేరు కాదు. ఈ నెల తెలుగు నవలలు ఎన్ని పోయినవి, బాలల పుస్తకములు ఎన్ని, శాస్త్రగ్రంథములు ఎన్ని అని దినదినము గీతలు గీసి కూడిన పట్టిక ఏ అధికారికైనను చాలును. నెల తిరిగినపిదప గీతలుండును, పేర్లుండవు. ఇందును ఒక జాగ్రత్త కావలెను. వైద్యమున ఒక పుస్తకము పోయినదని వ్రాసినచో, చిన్నయూరిలో ఒకటి యనునది అంకె కాదు, పేరే. అట్టి చిన్న సంఖ్యలను పెద్ద శీర్షికక్రింద కలిపి వ్రాయవలెను.

రెండవది పోయిన పుస్తకముల మాట. పేరు లేనిచో ఎవరిని అడుగుదుము? పుస్తకము బయటనున్నంతవరకు పేరు ఉండవలసినదే. దానిని కాదనువారు లేరు. తిరిగి వచ్చినపుడు పుటలు చూచుకొని, రుసుము ఉన్నచో వసూలుచేసి, పిమ్మట పేరును తీసివేయుడు. తెచ్చియిచ్చినవానిని ఏండ్లతరబడి అనుమానితుల పట్టికలో ఉంచుట ఏ వర్తకుడును చేయడు. అప్పు తీరిన పత్రమును చించి చేతికిచ్చుట మన పెద్దల మర్యాద.

మూడవది తలిదండ్రుల హక్కు. పసిపిల్లల విషయమున వారికి తెలిసియుండుట న్యాయమే. బీరువాలో ఏ పుస్తక ముండవలెనో నిర్ణయించు బాధ్యత ఉపాధ్యాయునికిని సంఘమునకును కలదు. కాని ఎదిగిన బాలబాలికల విషయమున చిట్టా తెరచి చూచుటకంటె బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగుట మేలు. అడిగినచో మాట పెరుగును. తెరచి చూచినచో మాట ఆగిపోవును. బంధువులకు, పొరుగువారికి, సంఘపు పెద్దలకు ఈ హక్కు ఎంతమాత్రమును లేదు.

నాలుగవది శాంతిభద్రతల మాట. నేరవిచారణకై చట్టబద్ధమైన లిఖితపు ఉత్తరువు వచ్చినచో పాటింపవలసినదే. కాని నోటిమాటగా అడిగినవారికెల్ల బల్లమీది చిట్టాను త్రిప్పి చూపుట చట్టమును పాటించుట కాదు, భయమును పాటించుట. అట్టి సందర్భమున తాళపుచెవి పట్టుకొన్న ఒంటరి గుమాస్తాపై భారము వేయక, కార్యవర్గము ముందునకు రావలెను.

ఐదవది మావంటి పరిశోధనాసక్తులది. నూరేండ్ల నాటి తెలుగువారు ఏమి చదివిరో తెలియుటకు పాతచిట్టాలకంటె మిన్నయైన ఆధార మేమున్నది? ఈ సంచికలోనే అట్టి చిట్టాను ఆధారముగా గొన్న వ్యాస ముండిన నేను ఆసక్తితో చదువుదును. ఇచ్చట నా మనస్సు రెండువైపుల లాగుచున్నదని ఒప్పుకొందును. నాకు తోచిన సమాధాన మిది: ఆ చిట్టాలోనివారు గతించి, వారి బిడ్డలకును నొప్పి కలిగింపనంత పాతవైన చిట్టాలను చరిత్రపత్రములుగా భద్రపరుపవలెను, వ్యాసములందు పేర్లు లేకయే వాడుకొనవలెను. జీవించియున్నవారి చదువు మాత్రము పరిశోధకుని సొత్తు కాదు. మన జిజ్ఞాస ఎంత గొప్పదైనను, నమ్మి సంతకము పెట్టినవాని నమ్మకముకంటె గొప్పది కాదు.

చేయదగిన పనులు

సంఘముల కార్యవర్గములకు నేను మనవి చేయునవి స్వల్పములు, వ్యయము లేనివి.

మొదట, చిట్టాను బల్లమీదనుండి సొరుగులోనికి మార్చవలెను. సంతకము కావలసినచో చదువరికి ఒక చీటీ చొప్పున పెట్టించి, పుస్తకము రాగానే తిరిగి యియ్యవలెను. రెండవది, వీలైనచో రెండు పెట్టెలతో పాత చీటీపద్ధతికి మరలవలెను. మూడు నాలుగు వందల పుస్తకములున్న సంఘమునకు ఒక సెలవుదినపు శ్రమ చాలును. మూడవది, యంత్రమును తెచ్చుకొనువారు అమర్చువానిని మొదటినాడే అడుగవలెను - పుస్తకము తిరిగి వచ్చిన పిదప పేరు ఎంతకాల ముండును? ఎవరు చూడగలరు? ఎట్లు తుడుచుట? బదులు చెప్పలేనివానికి పని యొప్పగింపరాదు. నాలుగవది, చదువరులను బహిరంగముగా సన్మానించు సందర్భములలో ఎన్ని పుస్తకములు చదివిరో చెప్పుడు. ఏవో చెప్పవలెనన్నచో వారిని ముందుగా అడుగుడు. ఐదవది, నాలుగు పంక్తుల నియమము నొకదానిని తెలుగున వ్రాసి బీరువా తలుపునకు అంటింపవలెను: ‘మీరు చదివినది మీది. పుస్తకము తిరిగి ఇచ్చిన వెంటనే మీ పేరు తీసివేయబడును. మీ చదువును గూర్చి ఇతరులకు చెప్పము. చట్టబద్ధమైన ఉత్తరువు లేనిదే ఎవ్వరికిని చూపము.’

మన భాషను కాపాడుకొనుటకు బడులు కావలెనని, పాఠ్యపుస్తకములు కావలెనని, ఉపాధ్యాయులు కావలెనని ప్రభుత్వములను అడుగుచున్నాము, అడుగవలసినదే. ఈ యొక్కదానికి మాత్రము ఎవ్వరిని అర్థింపనక్కరలేదు. బల్లమీది చిట్టా మన చేతిలోనిది.

పరభాషాప్రాంతమున తెలుగు చదువు బిడ్డకు పరీక్షలోగాని ఉద్యోగములోగాని వచ్చు లాభము కొంచెమే. ఆ బిడ్డ తెలుగు పుస్తకము పట్టుకొనుట ఆ భాషలో తనదైన ప్రశ్నకు బదులు దొరకునన్న ఆశతో. ఆ ప్రశ్నను మనము గోడకెక్కించినచో, ఆ బిడ్డ బదులును మరియొక భాషలో, మరియొక చోట వెదకికొనును. నా బడిలో ఇప్పుడు గోడపై పట్టిక లేదు. చీటీల పెట్టె యొకటి కలదు; సాయంత్రమునకు చాలవరకు ఖాళీగా నుండును. ఆ బాలిక చదువు ముగించి వెళ్లినది. ఆమె చెల్లెలు ఈ యేడు ఆరవ తరగతిలో చేరినది. ఈ నెలలో రెండు పుస్తకములు తీసికొన్నది. అవి ఏవియో ఇచ్చట వ్రాయను.